పెండ్లి గంప, టమాటా డబ్బా

చేవెళ్ల మార్కెట్ ముందు నుంచి పొద్దున పూట ఎప్పుడైనా వెళ్ళినవాళ్ళకు ఆ డబ్బాలు తెలిసే ఉంటాయి. నీలం రంగువి, పసుపు రంగువి, ఎండకు వెలిసి ఏ రంగో చెప్పలేనివి. ఒకదాని మీద ఒకటి మనిషి ఎత్తు దాటి నిలబడి ఉంటాయి. టమాటా, క్యారెట్, బీన్స్, బంతిపూలు, అన్నీ వాటిలోనే. మార్కెట్ దాటి వచ్చినా అవి మనిషిని వదలవు. చాయ్ దుకాణం ముందు బోర్లించి వాటి మీద కూర్చుంటారు. స్నానానికి పోతే నీళ్ళ బకెట్ కింద ఒకటి ఉంటుంది. మా వాడలో ఒకామె దాంట్లో మట్టి నింపి కొత్తిమీర పెంచుతోంది.

ఆ డబ్బాల్లో ఎన్ని నా చేతుల మీదుగా వచ్చాయో నాకు తెలియదు. మిషన్ నోరు తెరిచినప్పుడల్లా ఒకటి బయటికి లాగాను, దాని అంచులు గీకాను, పక్కన పేర్చాను. పనిచేసే వయసులో వెనక సగం దానికే పోయింది. ముందు సగం గంపలకు పోయింది. డబ్బా వచ్చి ఏ గంపను మార్కెట్ నుంచి వెళ్ళగొట్టిందో, ఆ గంప అల్లిన ఇల్లు మాది.

ఈ మాట చెబితే నవ్వుతారు. "నీ పొట్ట నువ్వే కొట్టుకున్నవా పెద్దమనిషీ" అంటారు. ఆ నవ్వే నాకు మండుతుంది. నన్ను అడిగి డబ్బా పుట్టించారా? పుట్టించారు, మా పని పోయింది, పని పోయినవాడు పని దొరికిన దగ్గరికి పోయాడు. అంతే. దాంట్లో నవ్వడానికి ఏముందో నవ్వినవాళ్ళే చెప్పాలి.

మా మనవరాలి పెండ్లికి గంప అల్లిన సంగతి రాద్దామని కూర్చున్నాను. కానీ డబ్బా సంగతి చెప్పకుండా గంప సంగతి చెప్పడం నావల్ల కాదు.

మా ఊరు చేవెళ్లకూ మొయినాబాద్‌కూ నడుమ, రోడ్డుకు కొంచెం లోపలగా ఉంటుంది. మాది వెదురు పని. మా బాపు బొంగులను బద్దలుగా చీల్చేవాడు. మా అమ్మను అవ్వ అనేవాళ్ళం, ఆమె అల్లేది. మా ఇండ్లల్లో పని అట్లాగే పంచుకుని ఉండేది, కత్తి మగవాళ్ళది, అల్లిక ఆడవాళ్ళది. చాటలు, జల్లెడలు, తట్టలు, గింజలు పోసుకునే గుమ్ములు అన్నీ చేసేవాళ్ళం గానీ మాకు అన్నం పెట్టింది కూరగాయల గంప. టమాటా కోతలు మొదలైతే సురంగల్ నుంచి, ఇటు షాబాద్ దిక్కు ఊళ్ళ నుంచి రైతులు మనుషులను పంపేవారు. గంప అడుగున వేపాకు పరిచి, కాయలు పోసి, మీద మళ్ళీ ఆకు కప్పి, గోనెపట్టా వేసి సుతిలి తాడుతో కుట్టి లారీకి ఎక్కించేవారు. ఖాళీ గంపలు తిరిగి వచ్చేవి. విరిగిన బద్ద తీసి కొత్త బద్ద వేసి ఇచ్చేవాళ్ళం. కొత్త గంపలకంటే ఆ బాగుచేసే పనే ఎక్కువ ఉండేది.

నాకు బడి లేదు. మార్కెట్‌లో ఒక హమాలీ అక్షరాలు చూపించాడు. మిగతాది గంపలే నేర్పాయి. ఆకు దొరకని రోజుల్లో రైతులు గంప అడుగున పాత పేపరు పరిచేవారు. బాగుచేయడానికి వచ్చిన గంపల్లో టమాటా రసం పట్టిన ఆ ముక్కలు అంటుకుని ఉండేవి. వాటిని ఒలిచి ఎండలో ఆరబెట్టి కూడబలుక్కుని చదివేవాణ్ణి. మొదలు లేని వార్తలు, చివర లేని వార్తలు. ఇప్పటికీ ఏ కాగితం చేతికి వచ్చినా ముందు వాసన చూస్తాను.

గంప గొప్పదని చెప్పడం నా ఉద్దేశం కాదు. అడుగు కాయలు నలిగిపోయేవి. రసం కారి హమాలీల మెడలు చీము పట్టేవి. ఒక గంప ఉన్నట్టు ఇంకో గంప ఉండేది కాదు. చివరికి ఆ మాటే పట్టుకున్నాడు సిటీ వ్యాపారి. ఒక ఏడాది కోతల ముందు లారీతో డబ్బాలు తెచ్చి చేన్లల్లో దించాడు. వాటిల్లో వచ్చిన సరుకే కొంటానన్నాడు. ఎప్పుడూ మా దగ్గర గంపలు తీసుకునే రైతు ఒకాయన ఆ డబ్బా ఒకటి పట్టుకుని మా వాకిట్లోకి వచ్చాడు. పాపం, మొహం చెల్లక వచ్చాడు.

"ఏం జెయ్యాలె అన్నా, నీ గంపకు వంక లేదు. గని ఆయన దించుకుంటలేడు. అన్నీ ఒక్కతీరు ఉండాలె అంటున్నడు."

మా బాపు డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు. అడుగు మీద కాలు పెట్టి ఒత్తాడు. "విరుగుతదా?" అని అడిగాడు.

"విరగదట."

"మరి మనం బాగుచేసుడెట్ల?"

రైతు డబ్బాను అక్కడే పెట్టి పోయాడు. మా బాపు ఆ డబ్బాను వాకిట్లోంచి తీయించలేదు. అది చాలా రోజులు అక్కడే ఉంది. మా అవ్వ దాని మీద కడిగిన గిన్నెలు బోర్లించేది.

ఆ తర్వాత జరిగింది ఈ ప్రాంతంలో అందరూ చూసిందే. డబ్బాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి కాబట్టి లారీకి ఎక్కువ సరుకు ఎక్కింది. హమాలీకి ఎక్కువ బరువు పడింది. డబ్బాల దొంతరలో పగలకుండా ఉండటానికి తోలు మందంగా ఉండే టమాటా విత్తనం వచ్చింది. పులుపు పోయింది. కోసే ఆడవాళ్ళు కాయలను సైజు చూసి వేరుచేయాలన్నారు. అంటే కోసే పనికి ఇంకో పని తోడైంది, కూలి మాత్రం కోసినదానికే. ఒక ప్లాస్టిక్ డబ్బా ఇంతమంది నడుములతో, ఇంతమంది నాలుకలతో ఆడుకుంటుందని దాన్ని పోతపోసినవాడు అనుకుని ఉండడు. అనుకున్నా ఆగేవాడు కాదు.

నేను షాబాద్ రోడ్డులో పెట్టిన డబ్బాల కంపెనీలో చేరాను. అక్కడ ప్లాస్టిక్‌ను దానా అంటారు. నిజంగా జొన్నల లాగానే ఉంటుంది. పైన గరాటులో పోస్తే లోపల కరిగి, ఇనుప అచ్చులోకి దూకి, డబ్బా అయి వస్తుంది. అచ్చు తెరుచుకోగానే వేడిగా ఉన్నదాన్ని లాగాలి. అచ్చు రెండు సగాలు కలిసే చోట సన్నటి పొర ఒకటి మిగిలిపోతుంది. దాన్ని బ్లేడుతో గీకి తీసేయాలి. చెయ్యి పెట్టి నిమిరితే ఏమీ తగలకూడదు. అంతలోకి మళ్ళీ అచ్చు తెరుచుకుంటుంది. నా పని మొత్తం ఇదే. లాగడం, గీకడం, పేర్చడం. సూపర్‌వైజర్లు మారారు, అందరూ నాకంటే చిన్నవాళ్ళే, అందరూ ఒకే మాట చెప్పేవారు. "చెయ్యి ఆగొద్దు, మిషన్ ఆగదు."

చెయ్యి ఆగలేదు. ఇంటికి వచ్చి అన్నం తినేటప్పుడు కంచం అంచును గోటితో గీకేవాణ్ణి. మా ఇంటామె కంచం పక్కకు లాగేది. గేటు దగ్గర ఇచ్చే కార్డు మీద మొదటి రోజు హెల్పర్ అని రాశారు. చివరి రోజు కూడా హెల్పరే. తర్వాత డబ్బాలు లాగడానికి ఇనుప చెయ్యి ఒకటి తెచ్చి మిషన్ మీద బిగించారు. దానికి వేడి తగలదు, బీడీ తాగదు. మమ్మల్ని పంపేశారు. అప్పటికే నా వేళ్ళు పిడికిలిగా ముడుచుకోవడం మానేశాయి.

ఇక పెండ్లి.

మా దిక్కు పెండ్లికూతురును మండపానికి నడిపించుకుని రారు. గంపలో బియ్యం పోసి, బియ్యం మీద కూర్చోబెట్టి మేనమామలు ఎత్తుకుని వస్తారు. ఇది చాలామంది ఇండ్లల్లో ఉన్నదే. మా ఇంట్లో మాత్రం ఇంకొక పట్టింపు ఉంది. ఆ గంప కొన్నది కాకూడదు. పిల్ల తల్లికి పుట్టిల్లైన ఇంట్లో అల్లాలి. బద్దలు చీల్చేది తల్లికి తండ్రి, అల్లేది తల్లికి తల్లి. నా బిడ్డ పెండ్లికి మా మామ చీల్చాడు, మా అత్త అల్లింది. నాకు ఇద్దరు కొడుకుల మీద ఒక్కతే బిడ్డ, ఆమెకు ఒక్కతే కూతురు. అంటే నాకు ఈ పని వచ్చేది ఒక్కసారి.

పెండ్లి మొయినాబాద్‌లో ఫంక్షన్ హాల్లో. చూడటానికి పోయిన రోజు మగపిల్లవాడి వాళ్ళు కూడా శంకర్‌పల్లి నుంచి వచ్చారు. అలంకరణ చేసే అతను ఫోన్‌లో ఫొటోలు చూపిస్తూ బుట్ట దగ్గర ఆగాడు.

"గిది చూడు తాతా. ఐరన్ ఫ్రేమ్, చుట్టూ ఫోమ్, ఫుల్ ఫ్లవర్స్. ప్యాకేజీలనే వస్తది. వీడియోల మస్తు కొడతది."

"ఇది బుట్టనా?" అన్నాను.

"బుట్ట లెక్కనే ఉంటది తాతా."

"లెక్కనే ఉంటది. బుట్టయితే గాదు. మా పిల్ల మా గంపలనే వస్తది. నేనే చీలుస్త."

అందరూ వినేటట్టు అన్నాను. నా బిడ్డ నా చేతుల వైపు చూసింది. బయటికి వచ్చాక మెల్లగా అడిగింది. "బాపూ, అయితదా?"

"ఎందుకు గాదు?"

"ఊకెనే అడిగిన."

ఊరికే అడగలేదని నాకు తెలుసు. వియ్యంకుల ముందు మాట ఇచ్చేశాను. ఆ గంప అవ్వాలి, పిల్ల బరువు మోయాలి. లేకపోతే ఆ ఫోమ్ బుట్ట బండిలో తయారుగా ఉంటుంది. ఆ రోజు నుంచి నాకు అదే ఫికర్.

వెదురు ఇప్పుడు ఇక్కడ దొరకదు. నా చిన్న కొడుకు సిటీకి పోయి ఆటో మీద బొంగులు కట్టుకుని వచ్చాడు. మా బాపు కత్తి అటక మీద ఉంది. పిడి నా చేతిలో నిలవకపోతే పాత చీర పేలిక చుట్టి కట్టుకున్నాను. మొదటి బొంగు వంకరగా చీలింది. రెండోది కూడా అంతే. మూడోదానికి కత్తి దారి పట్టింది. బొంగు చీలేటప్పుడు వచ్చే ఆ చప్పుడు విని పక్కింటి ముసలాయన గోడ మీదుగా తొంగి చూశాడు.

"దుకాణం మల్ల తెరుస్తున్నవా ఏంది?"

"నీకు పాడె గావాలంటే చెప్పు, కడ్త" అన్నాను.

"నీ గంప అయ్యేదాక నేను సావ, తియ్యి" అని లోపలికి పోయాడు.

నిజానికి ఆ రోజుల్లో నాకు నడుము విరిగినంత పనైంది. కొంతసేపు చీల్చడం, కొంతసేపు అరుగు మీద ఒరగడం. చీల్చిన బద్దలను ఒళ్ళో పెట్టుకుని కత్తితో గీకి నున్నగా చేసేవాణ్ణి. కణుపు తగిలితే గీకాను. పచ్చటి తొక్క ఒక చోట మందంగా, ఒక చోట పలుచగా కనిపిస్తే గీకాను. అన్ని బద్దలూ ఒకే వెడల్పు, ఒకే మందం. పక్కపక్కన పెట్టి వేలితో నిమిరి చూసేవాణ్ణి. ఏదీ తగలకూడదు.

మా ఇంటామె చూసి చూసి అడిగింది. "అంతగనం ఎందుకు గీకుతున్నవయ్యా? తొక్క పోతే దాంట్ల ఏం మిగుల్తది?"

"నున్నగ ఉండొద్దా? పిల్ల పట్టుచీర చిక్కుకుంటది."

"చీర తగిలేది లోపలి దిక్కు. అడుగు బద్దలు ఎందుకు గీకుడు?"

"వెదురు పని నాకు నేర్పుతున్నవా?"

"నీకు రాదన్ననా? నీ చెయ్యి ఆగుతలేదు అంటున్న."

నేను కత్తి కింద పెట్టి ఆమె వైపు కోపంగా చూశాను. ఆమె బద్దలు నీళ్ళలో నానబెట్టి అల్లడానికి కూర్చుంది. ఆమెకు కూడా మోకాళ్ళు ముడుచుకోవు. గోడకు ఆనుకుని, కాళ్ళు చాపి, గంపను కాళ్ళ మధ్య తిప్పుకుంటూ అల్లింది. వేళ్ళు మాత్రం ఎక్కడా తడబడలేదు. నేను పక్కన కూర్చుని బద్దలు అందించాను. మా అవ్వ, బాపు ఇట్లాగే కూర్చునేవారని గుర్తొచ్చింది గానీ చెప్పలేదు. అప్పటికి మాకు మాటలు సరిగ్గా లేవు.

గంప అయ్యాక వాడ వాడంతా వచ్చి చూసింది. గుండ్రంగా, తెల్లగా, ఒక బద్ద ఎక్కువ లేదు, ఒక బద్ద తక్కువ లేదు. "కంపెనీ మాల్ లెక్కున్నది పెద్దనాయనా" అని ఒక పిల్లగాడు మెచ్చుకున్నాడు. నేను సంతోషపడ్డాను. ఆ మాటకే నాకు అనుమానం రావలసింది.

పెండ్లి రోజు పొద్దున గంపను పెండ్లికూతురు గదిలో పెట్టి పసుపు రాసి బొట్లు పెట్టారు. ముత్తైదువలు బియ్యం పోశారు. నా కొడుకులిద్దరూ కొత్త పంచెలు బిగించుకుని వచ్చారు. పిల్లను కూర్చోబెట్టే ముందు జరపాలని చెరో దిక్కు అంచు పట్టుకుని కొంచెం లేపారు. అడుగు నుంచి చిట్లిన చప్పుడు వచ్చింది. గంప లేచింది. బియ్యం లేవలేదు. గచ్చు మీద తెల్లగా పరుచుకుంటూ పోయాయి.

మా మేనత్త కూతురు ఒకామె నోరు తెరిచింది. "పిల్ల కూసోకముందే బియ్యం జారుడు, నాకైతే మంచిగ అనిపిస్తలేదు."

"నువ్వు జర గమ్మునుండు" అంది నా బిడ్డ. ఏడుపు ఆపుకుంటూ ఉంది.

మండపం నుంచి మైకులో అయ్యగారి గొంతు వచ్చింది, పెండ్లికూతురును తీసుకురమ్మని. దానితోపాటే అలంకరణ అతను తలుపు దగ్గర కనిపించాడు. ఇట్లాంటి చప్పుళ్ళు వీళ్ళకు ఎట్లా వినిపిస్తాయో తెలియదు.

"తాతా, ఐరన్ది తేనా? బండిలనే ఉన్నది."

నేను గంపను బోర్లించి చూశాను. అడుగు బద్దలు నిలువునా చిట్లి ఉన్నాయి. ఒక్క బద్ద మీద కూడా తొక్క లేదు. వెదురుకు బలమంతా తొక్కలోనే ఉంటుందని పాలు తాగే వయసులో నేర్చుకున్నవాణ్ణి. కానీ ఇన్నేండ్లు అంచులు గీకీ గీకీ, తగిలిందల్లా తీసేయాలనే తెలివి ఒక్కటే చేతుల్లో మిగిలింది. కంపెనీ నన్ను వదిలింది గానీ నా చెయ్యి కంపెనీని వదలలేదు. మా ఇంటామె నా పక్కన వంగి ఆ బద్దలు చూసింది. నేను చెప్పలేదా అని అనలేదు. అంటే బాగుండేది.

"తెచ్చుకో పో" అనబోయాను ఆ అతనితో. అంతలో పెండ్లికూతురే ముందుకు వచ్చింది. మొయినాబాద్‌లో కూరగాయల సెంటర్‌లో పనిచేస్తుంది నా మనవరాలు. కాయలు సైజు చూసి డబ్బాల్లో వేయించే పని. రోజంతా ఆ డబ్బాల మధ్యనే ఉంటుంది. తల మీద నగ కదలకుండా మెడ నిటారుగా పెట్టి వంగి గంప చూసింది, తర్వాత కిటికీలోంచి వంటలవాళ్ళ దిక్కు చూసింది.

"చిన్నమామా, గా పసుపు డబ్బా ఒకటి ఖాళీ చేసి తే."

"టమాటా డబ్బానా?"

"అవ్. కడిగి తే, నన్ను పులుసు జెయ్యకు."

పెద్దకొడుకు కసురుకున్నాడు. "పెండ్లికూతురు టమాటా డబ్బాలొస్తదా? వాళ్ళు చూస్తే ఏమంటరు?"

"ఎట్ల చూస్తరు మామా? డబ్బాను గంపల పెడదాం. గంప కనవడ్తది, డబ్బా మోస్తది. నాకంటె బరువు దినాం మోస్తది అది." తర్వాత నా దిక్కు తిరిగింది. "తాతా, అది గూడ నువ్వు జేసిందే గదా."

"నేను జెయ్యలె. మిషన్ జేసింది. నేను గుంజిన."

"గుంజకపోతే ఇంకా మిషన్లనే ఉంటుండె గదా."

మైకులో అయ్యగారు రెండోసారి పిలిచారు.

డబ్బా వచ్చింది. గంపలో దించితే మూలలు గోడలకు ఒత్తుకుని కూర్చుంది. అడుగు చిల్లుల్లోంచి బియ్యం కారకుండా నా కండువా తీసి పరిచాను. ఆడవాళ్ళు గచ్చు మీది బియ్యం ఎత్తి మళ్ళీ పోశారు, మీద చిన్న బొంత వేశారు. అప్పుడు తెలిసింది అసలు చిక్కు. బరువు మోసేది డబ్బా. దాని చేతిపట్లు గంప గోడల లోపల ఉన్నాయి. గంప అంచు పట్టుకుని లేపితే డబ్బా కింద ఉండిపోతుంది, గంప ఒక్కటే చేతిలోకి వస్తుంది.

కొడుకులు నా మొహం చూశారు. నేను మా ఇంటామె మొహం చూశాను. అల్లింది ఆమె. గంప గోడలు నిక్షేపంగా ఉన్నాయి, వాటిలో తప్పేమీ లేదు.

"కొయ్యి" అంది. "గిక్కడికెళ్ళి కొయ్యి. అంచు తెగనియ్యకు, అంచు తెగితే మొత్తం విప్పుకుంటది."

వంటవాళ్ళ కత్తి తెప్పించాను. చేతిపట్టుకు ఎదురుగా అటొకటి, ఇటొకటి, అరచెయ్యి దూరేంత సందు కోశాను. ఆమె చెప్పిన చోటనే కోశాను. కోస్తుంటే ఆమె ఒకసారి కూడా తల తిప్పుకోలేదు. తెగిన బద్దల మొనలు ముళ్ళలాగా లేచి ఉన్నాయి. వాటి మీద కత్తి వెనక్కూ ముందుకూ ఆడించి నున్నగా చేశాను. కొడుకుల చేతులు గీసుకుపోకుండా వేలితో నిమిరి చూసుకున్నాను. గీకే పని ఆ ఒక్కచోట పనికొచ్చింది.

పిల్ల ఎక్కి కూర్చుంది. నా కొడుకులు గంప గోడల్లోంచి చేతులు దూర్చి డబ్బాను పట్టుకున్నారు. లేచింది. గంప డబ్బాకు తొడిగిన అంగీ లాగా దాని వెంబడి లేచింది. హాల్లో అందరూ లేచి నిలబడ్డారు, ఫోన్లు పైకి లేచాయి. నేను వెనకే నడిచాను, కింద చూస్తూ. బియ్యపు గింజ ఒక్కటి రాలలేదు.

తలంబ్రాలు అయ్యాక వియ్యంకుడి బావ నా పక్కన వచ్చి కూర్చున్నాడు. "గంప మస్తున్నది బాపూ. ఇప్పుడు గిట్ల ఎవరు అల్లుతున్నరు? పట్టుకోనీకి సందులు గూడ పెట్టిండ్రు, మంచిగ ఆలోచన చేసిండ్రు."

"ఇంట్లనే అల్లినం" అన్నాను. అల్లిన ఆమె అవతల ఆడవాళ్ళ దగ్గర కూర్చుని విడెం నములుతోంది. మిగతా సంగతి ఆయనకు చెప్పే ఓపిక నాకు లేదు.

భోజనాలు అయ్యాక వంటల మనిషి ఒకడు వెతుక్కుంటూ గదిలోకి వచ్చాడు. "పెద్దమనిషీ, ఒక డబ్బా తక్కువున్నది. గా గంపల ఉన్నది మాదేనా?"

"మీదే. తీస్కపో."

వాడు బొంత, కండువా తీసి నాకిచ్చి, బియ్యం ఒక గిన్నెలోకి వంపి డబ్బాను గచ్చు మీద బోర్లించి దబదబ కొట్టాడు. సందుల్లో ఇరుక్కున్న గింజలు రాలాయి. నేను ఆగమని దాని అడుగు తిప్పి చూశాను, మా కంపెనీదేనేమోనని. పోతపోసిన గుర్తు అరిగిపోయి ఉంది. ఏ మిషన్‌దో, ఎవరు గుంజిందో తెలియలేదు. వాడు తీసుకుపోయి మిగతా డబ్బాల మీద పెట్టాడు. కాసేపటికి చూస్తే అది ఏదో నేనే గుర్తుపట్టలేకపోయాను.

గంపను మాత్రం ఇంటికి తెచ్చుకున్నాం. కోడిపెట్ట పిల్లలు చేసింది, మా ఇంటామె ఆ గంపను వాటి మీద బోర్లించింది. చిట్లిన అడుగు పైకి వచ్చింది కాబట్టి దాని మీద చాట కప్పింది, పిల్లి దూరకుండా. నేను కోసిన సందుల్లోంచి కోడిపిల్లలు బయటికి వస్తాయి, తల్లి అరిస్తే లోపలికి పోతాయి.

మొన్న ఆమె మిగిలిన బొంగు ఒకటి తెచ్చి నా ముందు పడేసింది. అడుగు మళ్ళీ అల్లుతుందట, చాట ఎప్పుడూ దాని మీదనే ఉండిపోతోందని. నేను పేలిక చుట్టుకుని కత్తి పట్టాను. ఆమె గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"తొక్క ఉండనియ్యి" అంది.

"ఉంచుతనే."

ఒక బద్ద చీల్చి ఒళ్ళో పెట్టుకున్నాను. కోడిపిల్లలను చూస్తూ ఏదో ఆలోచిస్తున్నాను. ఆమె ముందుకు వంగి నా మణికట్టు పట్టుకుంది.

"గీకకు."

"గీకుతలేను" అన్నాను. కిందికి చూస్తే అప్పటికే ఒళ్ళో పచ్చటి పొట్టు రాలి ఉంది.